ప్రేమాక్షరాల చాటున

మా ఊరి పేరు రాయను. రాస్తే నెల్లూరు జిల్లా తీరం పొడవునా ఉన్న తక్కిన ఊళ్లవాళ్లు అలుగుతారు. "మా ఊళ్లో మాత్రం ఏం తక్కువని మమ్మల్ని వదిలేశారు?" అని నిలదీస్తారు. కాబట్టి కావలి నుంచి కృష్ణపట్నం దాకా ఎవరి ఊరు వారు అనుకుని చదువుకోవచ్చు. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ప్రకాశం జిల్లా సోదరులకు కూడా ప్రవేశం ఉచితం. ఈ వ్యాసంలో ఉచితమైనది అదొక్కటే.

విషయం ఏమిటంటే, మా ఊరి మీద మాకు ప్రేమ ఉందని ఇటీవల అధికారికంగా తేలింది. బీచ్ రోడ్డు మలుపులో నిలువెత్తు ఇంగ్లీషు అక్షరాలు నిలబెట్టారు. మొదట 'నేను', ఆపైన ఎర్రటి హృదయం, ఆపైన మా ఊరి పేరు. పొద్దుగూకగానే వాటి లోపల దీపాలు వెలుగుతాయి. ఆ దారిలో వీధి దీపాలు వెలగవు గనుక చీకట్లో మా ప్రేమ మరీ దేదీప్యమానంగా కనిపిస్తుంది. ఇంతకు ముందు ఊరిని ప్రేమించేవాళ్లు ఇంటి పన్ను కట్టి ఊరుకునేవారు. ఇప్పుడు ఫోటో కూడా దిగుతున్నారు. పట్టణాభివృద్ధి అంటే ఇదేనని ప్రారంభ సభలో వక్తలందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

అక్షరాల ముందు వైపు సంగతి పర్యాటకులు చెబుతారు. వెనుక వైపు సంగతి చెప్పే బాధ్యత నా మీద పడింది.

వెనుక వైపు మా ఊరి మూత్రశాల. దాన్ని ఎవరూ ప్రారంభించలేదు, ఎవరూ రిబ్బను కత్తిరించలేదు, అయినా మొదటి సాయంత్రం నుంచే నిరాటంకంగా నడుస్తోంది. మా పట్టణంలో ప్రజల సొమ్ముతో కట్టిన వాటిలో పూర్తి సామర్థ్యంతో పనిచేస్తున్నది బహుశా ఇదొక్కటే.

నిర్మాణపరంగా మాత్రం కొన్ని లోపాలున్నాయి. ఇంగ్లీషులో 'నేను' ఒట్టి నిలువు గీత. దాని చాటున బక్కపలచని వాళ్లు మాత్రమే నిలబడగలరు, వాళ్లు కూడా ఊపిరి బిగబట్టాలి. ఊరి పేరులోని అక్షరాలకు మధ్య మధ్య కన్నాలున్నాయి. ఏ కన్నం ఎవరి ఏ అవయవానికి ఎదురుగా వస్తుందనేది మనిషి ఎత్తును బట్టి ఉంటుంది. ఇక మిగిలింది హృదయం. అది పైన విశాలం, కింద మొన. అంటే ముఖాన్నీ ఛాతీనీ చక్కగా కప్పి, అసలు కప్పవలసిన చోటికి వచ్చేసరికి సన్నబడిపోతుంది. అయినా జనం హృదయాన్నే ఎంచుకుంటున్నారు. పరువనేది ముఖంలో ఉంటుంది గాని తక్కిన చోట్ల ఉండదని మా ఊరివాళ్ల నిశ్చితాభిప్రాయం. ఆదివారం సాయంత్రం హృదయం వెనుక వరస కడతారు. ముందు వైపు ఫోటో కోసం ఒక వరస, వెనుక వైపు ఇంకొక వరస. రెండు వరసల్లోనూ తోపులాట ఉండదు, మర్యాదస్తుల ఊరు.

మొన్న పెళ్లిళ్ల కాలంలో అక్కడ జరిగిన ఒక ఘట్టాన్ని భావితరాల కోసం నమోదు చేయాలి. పెళ్లికి ముందే ఫోటోలు తీయించుకునే ఆచారం మా ఊరికీ వచ్చింది. అమ్మాయి గులాబీ రంగు గౌను తొడుక్కుంది, దాని తోక అయిదారు గజాలు. అబ్బాయి నల్ల సూటు వేసుకున్నాడు. ఆ ఉక్కపోతలో ఆ సూటు తొడిగినందుకే అతని ప్రేమను నమ్మవచ్చు. ఇద్దరూ హృదయం ముందు నిలబడ్డారు. హృదయం వెనుక అప్పటికే ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన్ను వాళ్లు చూడలేదు, వాళ్లను ఆయన చూడలేదు. అటు సముద్రం, ఇటు పెళ్లి, మధ్యలో ఆయన.

"కదలకండి!" అని అరిచాడు ఫోటోగ్రాఫరు. వధూవరులు కదల్లేదు. పెద్దమనిషీ కదల్లేదు. పట్టుబడ్డాననుకుని ఉన్నవాడు ఉన్నట్టే బిగుసుకుపోయాడు, ధారతో సహా.

"కొంచెం ఎడమకు జరగండి." ముందువాళ్లు జరిగారు. వెనుక ఆయనా జరిగాడు. ఎవరి ఎడమ అని అడిగే స్థితిలో ఆయన లేడు. దాంతో ఒక కాలు హృదయం మొన దాటి బయటికి వచ్చింది.

"అన్నా, ఆ కాలు కొంచెం లోపలికి!" అన్నాడు అసిస్టెంటు. పెళ్లికొడుకు కంగారుగా తన బూటు వైపు చూసుకున్నాడు. వెనుక కాలు బుద్ధిగా లోపలికి వెళ్లిపోయింది.

"ఇప్పుడు ఇద్దరూ నవ్వండి." ఇద్దరూ అన్నాడు గనుక మూడో ఆయన నవ్వాడో లేదో చెప్పలేను. ఆజ్ఞాపాలన తీరు చూస్తే నవ్వే ఉంటాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. డ్రోన్ లేచింది. హృదయం పక్కల నుంచి ఎంతో కొంత కప్పుతుంది గాని పై నుంచి అసలే కప్పదు. అది రొద చేసుకుంటూ వచ్చి సరిగ్గా నెత్తి మీద నిలిచింది. పెద్దమనిషి తలెత్తి చూశాడు. ఒక చేయి ఖాళీగా లేదు. ఖాళీగా ఉన్న చేత్తో ముఖం కప్పుకున్నాడు. పరువు ఎక్కడుంటుందో ఇందాకే మనవి చేశాను.

ఆ ముక్కను పెళ్లి వీడియోలోంచి తీసేయించారట. ఉంచవలసింది. ఆ సాయంత్రం ఆ అక్షరాల దగ్గర నటించకుండా ఉన్న మనిషి ఆయనొక్కడే.

ఇంకో చిన్న సంగతి. అక్షరాలు నిలబెట్టిన సిమెంటు గద్దెను ముందు వైపుకు వాలుగా పోశారు. వాన నీళ్లు నిలవకూడదని ఇంజనీరు గారి ముందుచూపు. వాన మా దగ్గర కార్తీకంలో ఈశాన్య గాలులకు పడుతుంది, తక్కినది ఏడాది పొడవునా పడుతుంది. అది గద్దె మీదుగా వచ్చి, ఫోటోలు దిగే చోట మడుగు కడుతుంది. జనం చెప్పులు చేత్తో పట్టుకుని, సంతోషంగా వట్టి కాళ్లతో అందులో నిలబడతారు. "అలలు ఇక్కడిదాకా వస్తాయా నాన్నా?" అని ఒక చిన్నపిల్ల అడిగింది. "పౌర్ణమి కదమ్మా, పోటు ఎక్కువ" అని తండ్రి శాస్త్రీయంగా వివరించాడు.

ఇక్కడికి వచ్చేసరికి కొందరు పాఠకులు పౌరస్పృహ అనే మాటను నాలుక చివరికి తెచ్చుకుని ఉంటారు. మింగేయండి. నేను ఆ పెద్దమనిషిని ఒక్క మాట అనను. ఎందుకంటే అక్షరాలకు పిలిస్తే పలికేంత దూరంలో మరుగుదొడ్డి ఉంది.

చూడముచ్చటైన కట్టడం. నీలం గోడలు, మగవారి వైపు మీసాల బొమ్మ, ఆడవారి వైపు జడ బొమ్మ, నడుమ నల్ల గ్రానైట్ శిలాఫలకం. అది ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయిలా ఉంది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తూ, గెలాక్సీ అనే పేరుతో దేశదేశాలకు ఓడలెక్కి వెళ్లే రకం. విదేశాల్లో దానితో హోటళ్ల నేల పరుస్తారు, మేం మరుగుదొడ్డికి నుదుటి బొట్టు పెట్టాం. ఫలకం మీద ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, అధ్యక్షులు, 'వీరి సమక్షంలో', 'వీరి కృషితో', అట్టడుగున సన్నటి అక్షరాల్లో గుత్తేదారు. అవసరం మీద వచ్చిన మనిషి ఎవడూ దాన్ని చివరిదాకా చదవలేడు. లోపల ఉన్న గదుల కంటే బయట ఉన్న పేర్లు ఎక్కువ.

తలుపుకు తాళం. ఉప్పుగాలికి అది తుప్పు పట్టి గొళ్లెంతో ఏకమైంది, ఇప్పుడు తాళంచెవి దొరికినా తెరుచుకోదు. అయినా తాళంచెవి ఎవరి దగ్గర ఉందో విచారించడం పౌరధర్మం గనుక, పక్కనే ఉన్న బజ్జీల బండి అతన్ని అడిగాను.

"వాచ్‌మన్ దగ్గర ఉంటుంది సార్."

"వాచ్‌మన్ ఎక్కడ?"

"జీతం రాలేదని మానేశాడు సార్."

"తాళంచెవి ఎవరికి ఇచ్చాడు?"

"కాంట్రాక్టరుకు. ఆయన గడువు అయిపోయింది."

"మరి కొత్త కాంట్రాక్టరు?"

"టెండరు పిలిచారు సార్. ఎవరూ రాలేదు."

"నువ్వు పొద్దస్తమానం ఇక్కడే ఉంటావు కదా, మరి నువ్వెక్కడికి వెళ్తావు?"

అతను నోటితో జవాబు చెప్పలేదు. నూనె కారుతున్న చిల్లుల గరిటె ఎత్తి హృదయం వైపు చూపించాడు. చేతులు కడుక్కునే కుళాయి ఆ తాళం లోపలే ఉంది. మిరపకాయ బజ్జీ అంటే నాకు ప్రాణం, అయినా ఆ రోజు కొనలేదు.

రికార్డుల ప్రకారం మాకు లోటేమీ లేదని ఒప్పుకోవాలి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. బహిరంగ మలవిసర్జన లేని పట్టణం అనిపించుకోవాలంటే వ్యాపార ప్రాంతాల్లో కిలోమీటరు లోపు ప్రజా మరుగుదొడ్డి ఉండాలని ప్రమాణాలు రాశారు. మాకు కిలోమీటరు కాదు, కూతవేటులో ఉంది. తెరిచి ఉండాలా అంటారా, అది పైమెట్టు సంగతి. పేరు పక్కన ప్లస్ గుర్తు రావాలంటే పగలూ రాత్రీ ఏ వేళలోనూ ఒక్క మనిషి కూడా ఆరుబయట మలమూత్ర విసర్జన చేస్తూ కనిపించకూడదు, మరుగుదొడ్లన్నీ పనిచేస్తూ శుభ్రంగా ఉండాలి. మొదటి షరతుకు మా దగ్గర హృదయం ఉంది. రెండో షరతుకు తనిఖీ రోజు ఉంది.

తనిఖీ రోజున మా మరుగుదొడ్డిని చూడాలి. గొళ్లెం కోయడానికి వెల్డింగు మనిషి వస్తాడు. ట్యాంకరు వస్తుంది. సబ్బు, అద్దం, తువ్వాలు, గుమ్మానికి రెండు వైపులా పూలకుండీలు. గోడ మీద అభిప్రాయ సేకరణ యంత్రం కూడా ఉంది, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు బొత్తాలతో: సేవలు బాగున్నాయా, ఫరవాలేదా, బాగా లేవా. ఆ పూట ఆకుపచ్చ బొత్తం నొక్కడానికి సిబ్బంది వంతుల వారీగా నిలబడతారు. జీపు వెళ్లిపోయిన గంటకు పూలకుండీలు ఆఫీసుకు, సబ్బు ఎవరింటికో, కొత్త తాళం తలుపుకు చేరుకుంటాయి. యంత్రం మాత్రం గోడ మీదే ఉంటుంది. తాళం వేసిన మరుగుదొడ్డి మీద అభిప్రాయం చెప్పే హక్కు పౌరుడికి ఇరవై నాలుగు గంటలూ ఉంది.

దీనికి తోడు ఉత్సవాలు. నవంబరు 19 ప్రపంచ మరుగుదొడ్ల దినోత్సవమని 2013లో ఐక్యరాజ్యసమితి గుర్తించింది. ఆ రోజు బడిపిల్లలు అట్టలు పట్టుకుని ఊరేగుతారు, ఊరేగింపు సరిగ్గా ఈ తాళం ముందే ముగుస్తుంది. 2025 నుంచి రాష్ట్రంలో ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛతా దినం. మూడో శనివారం ఉదయం కొత్త చీపుళ్లతో పెద్దలందరూ బీచ్ రోడ్డు మీద ఇసుకను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊడుస్తారు. సముద్రపు ఒడ్డున ఇసుక ఊడ్చడం అనే కార్యక్రమానికి ముగింపు ఉండదు గనుక ప్రభుత్వ పథకంగా దానికి గొప్ప భవిష్యత్తు ఉంది. మూత్రాశయాలు కూడా నెలకొకసారి, మూడో శనివారమే నిండేటట్టు ఒక ఉత్తర్వు ఇచ్చేస్తే పీడ వదిలిపోతుంది.

హృదయం అందనివాళ్లకు గోడలున్నాయి. మా ఊళ్లో ఖాళీ గోడ లేదు. 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని రాశారు. పోశారు. 'పోసినవాడు గాడిద' అని రాసి గాడిద బొమ్మ వేశారు. గాడిద చెరిగిపోయేదాకా పోశారు. చివరికి దేవుళ్ల పలకలు అతికించారు. వెంకటేశ్వరస్వామి, పక్కన ఏసుక్రీస్తు, ఆ పక్కన మసీదు బొమ్మ. సర్వమత సామరస్యానికి మా జిల్లాలో రొట్టెల పండుగ ఎలాగూ ఉంది, ఇప్పుడు ఈ గోడ కూడా చేరింది. భక్తులు పలకకూ పలకకూ మధ్య ఉన్న జానెడు ఖాళీని గురి చూసి వాడుకుంటున్నారు. నోరులేని దేవుళ్లను కాపలాకు నిలబెట్టిన ఈ ఉద్యోగానికి జీతం లేదు, సెలవు లేదు, ముక్కు మూసుకునే వీలు కూడా లేదు.

జరిమానాలు వేయమంటారు కొందరు. ఆ ఆలోచన కొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నగర పాలన గురించి చెబుతూ, పుణ్యస్థలాల్లో, నీళ్ల చోట, గుడి దగ్గర, రాజు కట్టడాల దగ్గర మలవిసర్జన చేస్తే పణాల్లో జరిమానా వేయమన్నాడు, మూత్రానికి అందులో సగం. అంతటి కఠినుడు కూడా మందు వేసుకున్నవాణ్ని, రోగిని, భయపడ్డవాణ్ని శిక్షించవద్దని మినహాయించాడు. తాళం వల్ల పోసినవాడి సంగతి ఆయన రాయలేదు. తాళం వేసి ఉంచడం కోసం మరుగుదొడ్డి కట్టే రాజ్యం ఒకటి వస్తుందని ఆయనకు ఊహ తట్టి ఉండదు, అంతటి మేధావికి కూడా.

మిగతా సౌకర్యాలను తొందరగా దాటేద్దాం. చెత్తబుట్టలు పెంగ్విన్ ఆకారంలో ఉన్నాయి. రోహిణీ కార్తె ఎండలో నోరు తెరుచుకుని నిలబడ్డ పెంగ్విన్‌ను చూస్తే చెత్త వేయబుద్ధి కాదు, గొడుగు పట్టబుద్ధవుతుంది. బస్సు షెల్టరులో ఫ్లెక్సీ మనుషులకు నీడ ఉంది, బస్సు కోసం నిలబడ్డ మనుషులకు లేదు. బల్లల మీద స్వర్గస్థుల పేర్లు చెక్కారు, కూర్చోబోతే పలక ఊడి వస్తుంది. కాలువ గట్టు సంగతి అందరికీ తెలిసిందే. 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హామ్ ప్రభువు పేరు మోస్తున్న ఆ కాలువ ఒకప్పుడు పడవల మీద ఉప్పూ ధాన్యమూ మోసింది. ఇప్పుడు తెల్లవారుజామున దాని గట్టు మీద వరసగా కూర్చుని ఉన్నవాళ్లను చూస్తే, దొరతనం మీద మా పగ ఇంకా చల్లారలేదని ఆ ప్రభువు అనుకుంటాడు.

అసలు ఇవి ఎందుకు మూతపడతాయి? కట్టడానికి పద్దు ఉంటుంది, కడగడానికి ఉండదు. కట్టేటప్పుడు కొబ్బరికాయ కొట్టవచ్చు, ఫోటో పేపర్లో వస్తుంది, బిల్లు ఒకేసారి వస్తుంది. రోజూ కడిగితే ఎవరి ఫోటో వస్తుంది? పైగా సముద్రపు ఒడ్డున బోరు వేస్తే ఉప్పునీరు, అది కుళాయిలను తినేస్తుంది. నాలుగడుగులు తవ్వితే ఊట, కాబట్టి ఇంకుడు గుంట ఇంకదు, సెప్టిక్ ట్యాంకు వానాకాలంలో పొంగుతుంది. అందుకు తగిన ట్యాంకు కట్టాలి, మంచినీటి గొట్టం వేయాలి, తుప్పు పట్టని తలుపులు పెట్టాలి. ఇవన్నీ తాపీమేస్త్రీకి తెలుసు. అంచనా తయారు చేసినవారు మాత్రం దేశమంతటికీ ఒకే నమూనా కాగితం తెచ్చారు, అందులో సముద్రం లేదు.

చేతకాదని అనకండి. ఏటా మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో లక్షల్లో జనం వస్తారు. వాళ్ల కోసం తాత్కాలిక మరుగుదొడ్లు పెడతారు, నీళ్లు పెడతారు, పారిశుధ్య సిబ్బందిని వంతుల వారీగా నిలబెడతారు. అంటే ఎలా చేయాలో తెలుసు. పండుగ అయిపోయిన మర్నాటి నుంచి కూడా మనుషులకు శరీరాలు ఉంటాయన్న సంగతే తెలియదు.

ఇంతసేపూ హృదయం వెనుక నిలబడగలిగినవాళ్ల గురించే రాశాను. నిలబడలేనివాళ్లు ఉన్నారు.

పడవలు ఒడ్డుకు చేరే వేళకు, అంటే ఇంకా చీకటి ఉండగానే, చేపలు పాడుకోవడానికి ఆడవాళ్లు తీరానికి వస్తారు. గంపలకెత్తుకుని, ఐసు వేసుకుని, ఇదే బీచ్ రోడ్డు పక్కన గోనెపట్టాలు పరుచుకుని మధ్యాహ్నం దాటేదాకా అమ్ముతారు. వారిలో ఒక పెద్దావిడ దగ్గర నేను చేపలు కొంటాను. ఆమె గంప పక్కన పాత కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు ఉంటాయి. పొలుసు తీసిన చేతుల మీద ఆ నీళ్లే పోసుకుంటుంది, మూతతో రెండు చుక్కలు పెదాలకు అద్దుకుంటుంది, అంతే. మొన్న వేసవిలో రోడ్డుకు అవతల ఒక నాయకుడి పేర చలివేంద్రం పెట్టి మజ్జిగ పంచారు. కుర్రవాడొకడు గ్లాసు తెచ్చి ఆమెకు ఇచ్చాడు. ఆమె పుచ్చుకుని పక్క బండి మీద కూర్చున్న పసివాడికి ఇచ్చేసింది.

"నువ్వు తాగవా అమ్మా?"

"ఇంటికి పోయాక తాగుతానయ్యా. ఇక్కడ తాగితే లెక్క తప్పుతుంది."

నలభై డిగ్రీలు దాటిన ఎండలో, చేతిలోకి వచ్చిన చల్లటి మజ్జిగను వద్దనుకునే లెక్క అది. ఎన్ని గంటలకు ఇల్లు చేరుతుంది, అప్పటిదాకా ఎన్ని గుక్కలు తాగవచ్చు, ఎన్ని తాగకూడదు. ఈ లెక్క ఆమెకు ఎవరు నేర్పారు? మనం నేర్పాం. ఆ మీసాల బొమ్మ, ఆ జడ బొమ్మ, ఆ బంగారు చుక్కల రాయి, దాని మీద పేర్లు చెక్కించుకున్న ప్రతి మహానుభావుడూ కలిసి నేర్పారు. నీళ్లు తాగకపోతే, గంటల తరబడి ఆపుకుంటే మూత్రంలో మంట వస్తుంది, ఇన్ఫెక్షన్లు వస్తాయి, మూత్రపిండాల్లో రాళ్లు పడతాయి. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన చెప్పే మొదటి మాట, "నీళ్లు బాగా తాగాలమ్మా." తాగి ఎక్కడికి వెళ్లాలో ఆ చీటీ మీద రాయరు.

తప్పనిసరి అయినప్పుడు సరుగుడు తోపులోకి పోతారు, ఒంటరిగా కాదు, ఇద్దరు ముగ్గురు కలిసి. ఒకరు వెళ్తే ఇద్దరు కాపలా. తుపాను గాలులను ఆపడానికి పెంచిన తోపు అది. అక్కడ పగటిపూట పేకాట, సాయంత్రం సీసాలు, ఎప్పుడూ ఫోన్లు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పగిలిన గాజు మధ్య అడుగు వెతుక్కుంటూ, కెమెరా ఎక్కడైనా ఉందేమోనని నాలుగు దిక్కులూ చూసుకుంటూ ఒక మనిషి తన శరీరం అడిగిన చిన్న పని పూర్తి చేసుకోవాలి. ఆమె వయసు అరవై. ఆమె అమ్మిన చేపతో నెల్లూరు చేపల పులుసు చేసి, మామిడికాయ ముక్కలు వేసి, పర్యాటకానికి పేరు తెచ్చుకుంటున్నాం. సిగ్గుండాలి. వ్యంగ్యం కాదు, నిజంగానే అంటున్నాను. సిగ్గుండాలి.

డబ్బు కట్టి వాడుకునే చోట్ల ఇంకొక నీతి. మగవారి లఘుశంక ఉచితం. ఆడవారి నుంచి అయిదో పదో వసూలు. ఎందుకయ్యా అంటే, "వాళ్లు లోపల దేనికి వెళ్లారో మాకు ఎలా తెలుస్తుంది?" అని గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు అంటాడు. తెలుసుకోలేకపోయినందుకు జరిమానా ఆమె కట్టాలట. ఇలాంటి తర్కం ఏ శాస్త్రంలోనూ లేదు, కౌటిల్యుడిని అనవసరంగా కఠినుడన్నాను.

ఇక కడిగే మనిషి. చేతులతో పాకీపని చేయించడాన్ని, రక్షణ సామగ్రి లేకుండా ట్యాంకుల్లోకి, మురుగు గొట్టాల్లోకి మనిషిని దింపడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. అలా దిగి చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పోయాక 30 లక్షలు. ఉండగా రబ్బరు తొడుగుల జత అడిగితే స్టాకు లేదు. పైగా నెలల తరబడి జీతం ఎగ్గొట్టి, మనిషి మానేశాడని తాళం వేసి, "జనానికి శుభ్రత తెలియదు" అని ఉపన్యాసం చెప్పడానికి మూడో శనివారం తయారు. శుభ్రత తెలిసిన వర్గం ఒకటే ఉంది మా ఊళ్లో. దానికి జీతం రాలేదు.

ఇటీవలి వార్త: అక్షరాలకు ఆదరణ బాగుందని బస్టాండు ఎదురుగా రెండో జత పెట్టబోతున్నారు. ఈసారి హృదయం ఇంకా పెద్దదట. బస్సు దిగిన మగవారి తరఫున కృతజ్ఞతలు, కింద మొన కొంచెం వెడల్పు చేయిస్తే ఇంకా సంతోషిస్తాం.

ఆడవారి తరఫున అడగవలసినవి వేరు. పడవలు వచ్చే వేళకు, తెల్లవారుజామున తలుపు తెరవాలి. రాత్రి చివరి బస్సు వెళ్లాకే మూయాలి. లోపల గొళ్లెం పడాలి, దీపం వెలగాలి, మంచినీళ్లు రావాలి. కడిగే మనిషికి నెల జీతం ఆ నెలలోనే ఇవ్వాలి, చేతికి తొడుగులు ఇవ్వాలి. డబ్బు తీసుకోకూడదు. తాళంచెవి కాంట్రాక్టరు జేబులో కాక, పొద్దున్నుంచి అక్కడే ఉండే ఆ చేపలమ్మే వాళ్ల దగ్గర ఉండాలి. ఊరిలో లెక్క తప్పని మనుషులు వాళ్లే.

శిలాఫలకం లేకుండా మీకు ముద్ద దిగదని తెలుసు. వేసుకోండి, పేర్లు ఎన్ని కావాలంటే అన్ని. కాకపోతే బయట గోడకు వద్దు. లోపల, కూర్చున్నవాళ్ల కంటికి ఎదురుగా వేయించండి, తీరిగ్గా చదువుకుంటారు.